ఆ కారు ఎవరిదని మా అబ్బాయి అడిగినప్పుడు

ఇంగ్లండులో మేముండే చోట శనివారం తెలుగు బడిలో మా అబ్బాయికి ఒక ఇంటిపని ఇచ్చారు. తాతగారి ఊరికి సంబంధించిన వస్తువు ఒకటి బొమ్మ గీసి, దాని గురించి ఐదు వాక్యాలు రాయాలి. తెనాలిలో మా నాన్నగారు అద్దెకు తిప్పిన అంబాసిడర్ కారు గీయమని నేనే చెప్పాను. వాడు కాసేపు కంప్యూటరులో వెతికి, పెన్సిలు కింద పెట్టి, "అది మన కారు కాదు నాన్నా, మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే ఇంగ్లీషు కారు. ఆక్స్‌ఫర్డ్ ఊళ్లోని కౌలీలో పుట్టింది. ఇక్కడికి ఇరవై నిమిషాలు. నేను గీయను" అన్నాడు. నేను వాదించబోయాను. అప్పుడు వాడన్న రెండో మాట నన్ను అప్పటి నుంచీ వదలడం లేదు: "పక్కింటి తాతతో మాట్లాడేటప్పుడు మీ కారే మా ఊళ్లో తిరిగింది అంటావు. నాతోనేమో మన కారు అంటావు. రెండిట్లో ఏది నిజం?"

వాడికి పదకొండేళ్లు. వాడన్నది అక్షరాలా నిజం. ఇక్కడివాళ్లకు దగ్గర కావాలనుకున్నప్పుడు ఆ కారును వాళ్లకిచ్చేస్తాను, కొడుకును తెనాలికి దగ్గర చేయాలనుకున్నప్పుడు తిరిగి తీసేసుకుంటాను. ఈ మాట ఒప్పుకోవడానికి బదులు, ఆ సాయంత్రం భోజనాల బల్ల దగ్గర వాడికి ఆ కారు చరిత్రంతా చెప్పడం మొదలుపెట్టాను.

యుద్ధం తరువాత 1948లో వచ్చిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌ను చూస్తే, అలెక్ ఇసిగోనిస్ రూపొందించిన మోరిస్ మైనరుకు అన్నగారిలా ఉంటుంది. అదే గుండ్రటి ఒళ్లు, మధ్యలో చీలిన ముందు అద్దం, వాల్వులు పక్కన ఉండే 1,476 సీసీల సైడ్ వాల్వ్ ఇంజిను. 1954లో రెండో సిరీస్ వచ్చింది. చీలిక పోయి ముందు అద్దం ఒకటే పలక అయింది, లోపల చోటు పెరిగింది, అప్పటికే ఆస్టిన్ కంపెనీతో కలిసి బీఎంసీగా (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్‌గా) మారిన సంస్థ, వాల్వులు పైన ఉండే తన కొత్త 1,489 సీసీల ఓవర్‌హెడ్ వాల్వ్ ఇంజినును దానికి పెట్టింది. 1956లో మూడో సిరీస్ వచ్చేసరికి నున్నటి బానెట్ మీద నిలువు గాడులు పడ్డాయి, హెడ్‌లైట్ల పైన చిన్న చూరులాంటి అంచు వచ్చింది, వెనుక మడ్‌గార్డులు కొద్దిగా తోకలెత్తాయి. అంబాసిడర్ అనగానే మన కళ్ల ముందు నిలిచేది ఈ మూడోదాని ముఖమే. ఇంగ్లండులో ఆ ముఖానికి మూడేళ్ల ఆయువు కూడా దక్కలేదు. 1959లో ఇటలీకి చెందిన పినిన్‌ఫరీనా గీసిన కోణాల ఒళ్లు, ఎత్తైన తోకలతో అయిదో సిరీస్ వచ్చింది. ఆ వంశం 1971 దాకా సాగి, మరీనా అనే కొత్త మోడలు రావడంతో ఆక్స్‌ఫర్డ్ అనే పేరే ఆగిపోయింది. ఇప్పుడు కౌలీలో మినీ కార్లు తయారవుతున్నాయి.

"మనవాళ్లు దాన్ని కాపాడారు" అన్నాను నేను, గొంతులో గర్వంతో. కలకత్తా దగ్గర ఉత్తర్‌పారాలో బిర్లాల హిందుస్థాన్ మోటార్స్ రెండో సిరీస్‌ను ల్యాండ్‌మాస్టర్‌గానూ, మూడో సిరీస్‌ను 1957 నుంచి అంబాసిడర్‌గానూ తయారు చేసిందనీ, ఆ రూపం 2014 మే దాకా బతికిందనీ చెప్పాను. వాడు శ్రద్ధగా విని, "మరి ఎందుకు మార్చలేదు?" అని అడిగాడు.

ప్రేమతో మార్చలేదని చెప్పాలనిపించింది, కానీ చెప్పలేకపోయాను. ఆ కారు రేకులు ఒత్తే అచ్చులు కొన్నారు కనుక, దిగుమతులకు తలుపులు మూసి ఉన్నాయి కనుక, ఏది తయారు చేయాలన్నా ప్రభుత్వ అనుమతి కావలసిన లైసెన్సుల కాలంలో కారు కావలసినవాడే ఏళ్ల తరబడి ఎదురు చూశాడు తప్ప కారుకు కొనేవాడి కోసం ఎదురు చూసే అవసరం రాలేదు కనుక మార్చలేదు. ప్రేమ ఆ తరువాత పుట్టింది. వెనుక సీట్లో పెద్దవాళ్లు, ఒళ్లో పిల్లలు, డిక్కీలో బియ్యం బస్తా, పైన క్యారియరు మీద పెళ్లి సామాను పెట్టుకుని కృష్ణా కాలువ గట్టు గుంతల్లో కూడా మనిషి నడుము విరగకుండా నడిచిన బండి అది.

వాడు అంతటితో ఊరుకోలేదు. మార్క్ 2 నుంచి నోవా దాకా అంబాసిడర్‌లో వచ్చిన రకాల ఫోటోలు వరుసగా తెరచి, "మార్చలేదన్నావు, చూడు" అన్నాడు. అరవైలలోనే ముందువైపు జాలీలాంటి గ్రిల్లు చిన్న చిన్న గళ్లదిగా మారింది. మార్కు మారినప్పుడల్లా దీపాలూ ముఖమూ మారాయి. తొంభైలలో ఇసుజు ఇంజిను వచ్చింది, స్టీరింగు కింద ఉండే గేరు కర్ర కిందికి దిగింది. అసలు మొదటి అంబాసిడర్లలోనే, కొత్త ఒంటిలో 1948 నాటి పాత ఇంజిను ఉండేది. నేను చిన్నప్పటి నుంచి ఒకటే అనుకున్న వస్తువు ఏనాడూ ఒకటిగా లేదు.

వాడి నుంచి నేను కోరేవి కూడా ఇలాంటివేనేమో. పరీక్ష రోజున పెద్దల కాళ్లకు దండం పెట్టాలని పట్టుబడతాను. తెనాలిలో మా చెల్లెలి పిల్లలు ఆ పద్ధతి మానేసి చాలా కాలమైందని పోయిన సెలవుల్లో తెలిసింది. ఇంట్లో తెలుగే మాట్లాడాలంటాను, కోపం వచ్చినప్పుడు మాత్రం నా నోటి వెంట ఇంగ్లీషే వస్తుంది, అందువల్ల వాడు ఇంగ్లీషును తిట్ల భాషగా, తెలుగును బుజ్జగింపుల భాషగా నేర్చుకున్నాడు. పిల్లలకు మూలాలు నేర్పండని ఇదివరకు తోటి తల్లిదండ్రులకు ధైర్యంగా చెప్పేవాణ్ని. ఏ సంవత్సరపు మూలాలు అని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో ఇప్పుడు తెలియడం లేదు.

మర్నాడు ఉదయం వాడే పెన్సిలు తీసుకున్నాడు. ఒప్పుకున్నాడో, నన్ను చూసి జాలిపడ్డాడో నాకు తెలియదు. గుండ్రటి కప్పు, బానెట్ మీద గాడులు, వెనుక చిన్న తోకలు చక్కగా గీశాడు. గ్రిల్లు దగ్గర ఆగి, తాతయ్యది ఏ మార్కు అని అడిగాడు. నేను ఎప్పుడూ వెనుక సీట్లో కూర్చున్నవాణ్ని, చెప్పలేకపోయాను. తెనాలికి ఫోను చేశాం. "తాతయ్యా, మీ కారుకి ముక్కు ఎలా ఉంది?" అని వాడు తెలుగులోనే అడిగాడు. గ్రిల్లు అనే మాట తాతకు అర్థం కాదనుకున్నాడు కాబోలు. మా నాన్నగారు చాలాసేపు ఆలోచించి, "పాతదే కొన్నాంరా నాన్నా. పొన్నూరు రోడ్డులో లారీకి తగిలాక, మేస్త్రీ దగ్గర ఏ బండిది దొరికితే అది పెట్టాడు. అంతకుముందు వేరేది ఉండేది" అన్నారు.

ఇంట్లో ఉన్న ఒకే ఒక ఫోటోలో మా మేనత్త పెళ్లివాళ్లంతా కారుకు ముందు నిలబడి ఉన్నారు. బొమ్మలో ఆ చోటు ఇంకా ఖాళీగా ఉంది. శనివారానికి రెండు రోజులుంది.