నైంటీ ఆయిల్

మా ఇంట్లో తెలుగు ఎంత మిగిలిందో తెలియాలంటే క్రియలు లెక్కపెడితే చాలు. తిను, పడుకో, లే, చదువుకో, ఆ ఫోన్ పక్కన పెట్టు. పదహారేళ్లుగా మా అమ్మాయితో నేను తెలుగులో అన్నవి దాదాపు ఇవే. ఆదివారం తరగతికి పంపాం, గుణింతాలు వచ్చాయి, వేమన పద్యాలు ఓ పది అప్పజెప్పేది. కానీ తెలుగులో మాట్లాడుకోవడానికి మా ఇద్దరికీ కలిపి ఒక పని అంటూ ఉండాలి కదా. అది లేదు.

మేముండేది కొలరాడోలో, డెన్వర్ పక్కన అరోరాలో. రెండేళ్ల కిందట 2012 మోడల్ టయోటా టాకోమా పికప్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. తెలిసినవాళ్లింట్లో వ్రతానికి వెళ్తే టెస్లాల మధ్య అదొక్కటే దున్నపోతులా నిలబడి ఉంటుంది. "ఏంటి బ్రదర్, తోటపని కాంట్రాక్టులు మొదలెట్టావా?" అని ఒకాయన నవ్వాడు కూడా. నిజానికి నాకు కావాల్సింది ట్రాక్టరు. అద్దంకి దగ్గర మా ఊళ్లో నాన్నకి మాస్సీ 1035 ఉండేది. దాని దగ్గరికి పోతే చాలు, "పోరా, పోయి చదువుకో" అని తరిమేవాడు. ఏడో తరగతి తర్వాత గుంటూరు హాస్టలు, ఆ తర్వాత ఇంజనీరింగు. మెకానికల్ అండీ, నవ్వకండి. స్పానరు పట్టకుండా మెకానికల్ పాసై సాఫ్ట్‌వేర్లో తేలిన వేలమందిలో నేనొకణ్ణి. ఇరుసు మధ్యలో ఉండే గేర్ల పెట్టె, అదే డిఫరెన్షియల్, దాని బొమ్మ గీసి పరీక్షలో మార్కులు తెచ్చుకున్నాను గానీ, బండి కిందికి వంగి అదెక్కడుందో చూసింది మాత్రం నలభై ఆరో ఏట.

అదీ నా అంతట నేను కాదు. లైసెన్సు వచ్చాక ఆ బండి మా అమ్మాయి చేతికి పోయింది. మాన్యువల్ మొత్తం చదివేసింది. "నాన్నా, లక్ష మైళ్లు దగ్గరికొచ్చాయి. వెనక డిఫ్, ముందు డిఫ్, ట్రాన్స్‌ఫర్ కేసు, మూడిట్లో ఆయిల్ మార్చాలి. మనమే చేద్దాం" అంది. వెంటనే నా నోట్లోంచి వచ్చిన మాట: "డిసెంబర్లో ఎస్‌ఏటీ పరీక్ష ఉంది కదా?" అన్నాక నాకే వినబడింది, అది ఎవరి గొంతో.

అక్టోబర్లో ఓ శనివారం పొద్దున మొదలుపెట్టాం. బండి ఎత్తుగా ఉంటుంది కాబట్టి జాకీ లేకుండానే కిందికి దూరచ్చు. నేల మాత్రం సమంగా ఉండాలి, లేకపోతే లోపల ఆయిల్ మట్టం సరిగ్గా తెలియదు. చక్రాలకి ఇటుకలు అడ్డం పెట్టాం. ముందుగా ఓ పావుగంట తిప్పుకొచ్చాం, లోపలి ఆయిల్ వేడెక్కి పల్చబడితే పూర్తిగా దిగుతుంది. కొత్త ఆయిల్ మాత్రం గరాజులో చలికి జున్నులా ఉంది. సీసాలు వేడినీళ్లలో పెడదామని అమ్మాయి వంటింట్లోంచి ఒక పాత్ర తెచ్చింది. అది ఇడ్లీ పాత్ర. ఆ సంగతి మా ఆవిడకి ఎలా తెలిసింది, తర్వాత ఏమైంది అన్నది ఇక్కడ రాయను.

సరిగ్గా నేను డ్రెయిన్ బోల్టుకి సాకెట్ తొడిగానో లేదో, నాన్న వీడియో కాల్. అక్కడ రాత్రి ఎనిమిదిన్నర, భోజనమయ్యాక రోజూ చేస్తాడు. ఆడపిల్లని బండికింద పడుకోబెట్టావా అంటాడేమోనని ఫోన్ పక్కకి తిప్పబోయాను. అమ్మాయి లాక్కుని కెమెరా నేరుగా వెనక ఇరుసు మధ్యలో బానపొట్టలా ఉబ్బి ఉన్న చోట పెట్టేసింది.

"క్రౌన్ ఆయిలా?" అన్నాడు నాన్న. డిఫరెన్షియల్‌ని ఆయన క్రౌన్ అంటాడు. "పై బిరడా తీశారా?"

"ముందు కిందది..." అన్నాను.

"ఒరేయ్ ఆగు! పైది ఊడుతుందో లేదో చూసుకోకుండా కిందది ఊడదీస్తే ఎట్లరా? ఉన్న ఆయిలంతా పోయి పైది పట్టేసిందనుకో, కొత్తది ఎక్కడ పోస్తావు? బండి అక్కడే కూలబడాల."

నాన్న అన్నట్టే పై బోల్టు పట్టేసి ఉంది. 24 మిల్లీమీటర్ల సాకెట్ పెట్టి ఇద్దరం కలిసి లాగినా కదల్లేదు. "ఆ కాడకి గొట్టం తొడుగు" అన్నాడు. గొట్టం ఎక్కడిది? బ్యాడ్మింటన్ నెట్టు కట్టే ఇనప స్తంభంలో సగం ముక్క తెచ్చి తొడిగాం. కాడ పొడుగైతే అదే బలానికి తిప్పుడు శక్తి పెరుగుతుందని నేను చదివాను, నాన్న చదవలేదు. టక్‌మని వదిలింది. అమ్మాయి అరిచిన అరుపుకి ఎదురింటి కుక్క బయటికొచ్చింది.

ఆ తర్వాతంతా తెలుగే. కింద ఉన్నప్పుడు ఎటు తిప్పితే బిగుస్తుందో, ఎటు తిప్పితే వదులవుతుందో తలకిందులవుతుంది. "బిగించు" అంటే టైట్, "వదులు" అంటే లూజ్, "మర" అంటే బోల్టు చుట్టూ ఉండే మెలికలు, "మర పోయింది" అంటే ఇక డబ్బు ఖర్చు. ఒక్కోమాటా నాన్న చెప్పడం, పిల్ల తిరిగి అనడం. మధ్యలో నాకు తట్టిందేంటంటే, వీటిలో సగం నా నోట్లోనూ లేవు. వినే వయసులో హాస్టల్లో ఉన్నాను.

బేసిన్‌లోకి నల్లగా దిగుతుంటే అమ్మాయి "నాన్నా, కారు కారుతున్నాడు!" అంది. కారేది ఆయిల్ అనీ, ఇది కారు కాదు ట్రక్కు అనీ, "కారుతున్నాడు" కాదు "కారుతోంది" అనీ దిద్దబోయి, నవ్వాగక బేసిన్‌లో మోచెయ్యి పెట్టాను.

వాసన గురించి చెప్పాలి. ఈ గేర్లలో పళ్లు ఒకదాని మీద ఒకటి దొర్లడమే కాదు, గట్టిగా ఒరుసుకుంటూ జారతాయి. మామూలు ఆయిల్ పొర ఆ ఒత్తిడికి నిలవదు, అందుకని గంధకం, భాస్వరం ఉన్న రసాయనాలు కలుపుతారు. మా అమ్మాయి కుళ్లిన గుడ్డు అంది. నాకు దీపావళి మర్నాడు పొద్దున మా వీధి గుర్తొచ్చింది. దానికి ఆ వీధి తెలియదు. ఏం చేస్తాం.

డ్రెయిన్ బోల్టు చివర అయస్కాంతం ఉంటుంది. దానికి కాటుకలాంటి ముద్ద అంటుకుంది. అలా మెత్తగా ఉంటే సహజమైన అరుగుదల, పెచ్చులు కనిపిస్తే పళ్లు విరుగుతున్నట్టు. ఆయిల్ పాలు పోసిన టీ రంగులో లేదు కాబట్టి నీళ్లు కూడా దిగలేదు. తుడిచి, కొత్త వాషరు వేసి బిగించి, సీసాకి చేతిపంపు తగిలించి, ఆ పై బిరడా రంధ్రంలోంచి కారేదాకా ఎక్కించాం. దాదాపు మూడు లీటర్లు పట్టింది.

"ఏం ఆయిలది?" అన్నాడు నాన్న. 75డబ్ల్యూ-90 అని చదివింది అమ్మాయి. "ఆఁ, నైంటీ ఆయిల్" అని ఆయన అనగానే నేను ఫక్కున నవ్వాను. మనవైపు నైంటీ అంటే ఇంకేం గుర్తొస్తుందో దానికి చెప్పలేదు. పద్దెనిమిది నిండాక చూద్దాం.

ఈ గేర్లు ఎందుకని అడిగితే ఆయన ఎడ్లబండి దగ్గర్నుంచి ఎత్తుకున్నాడు. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం తిరగాలి, లోపలిది తక్కువ. ఎడ్లబండికి ఆ బాధ లేదు: ఇరుసు కదలదు, చక్రాలు దేనికది తిరుగుతాయి, లాగేది ఎద్దులు. ఇంజను చక్రాన్నే తిప్పాల్సి వచ్చేసరికి ఈ తంటా. "మా నాయన ఆముదంలో గడ్డి కాల్చిన మసి కలిపి కందెన పెట్టేవోడు" అన్నాడు. అమ్మాయి "కందెన, కందెన" అని రెండుసార్లు అనుకుంది. ట్రాన్స్‌ఫర్ కేసు అంటే ఇంజను బలాన్ని ముందు చక్రాలకీ పంచే పెట్టె అని దానికొచ్చిన తెలుగులో తాతయ్యకి చెప్పింది. "అన్నదమ్ముల పంపకాల పెట్టె అనమాట" అన్నాడు. అందులో లీటరే పట్టింది, గొడవ లేకుండా అయిపోయింది.

"ఇవన్నీ నాకెందుకు చెప్పలేదు నాన్నా?" అని అడిగాను.

"నువ్వెప్పుడడిగావు?" అన్నాడు.

అడిగాను. చాలాసార్లు. పిల్ల ముందు ఎందుకని ఊరుకున్నాను. కానీ అది ఊరుకోలేదు, "తాతయ్యా, నువ్వు పో అన్నావంట కదా?" అంది. సిగ్నల్ సరిగ్గా లేదని ఫోన్ పెట్టేశాడు. అక్కడ ఫైబర్ వచ్చి మూడేళ్లయింది.

పాత ఆయిల్‌ని ఒక డబ్బాలో పోసి, విడిభాగాల దుకాణంలో రీసైక్లింగుకి ఇచ్చాం, ఇక్కడ చాలాచోట్ల ఉచితంగానే తీసుకుంటారు. డబ్బా మీద అమ్మాయి మార్కరుతో తెలుగులో "పాత కందెన" అని రాసింది, ఎత్వం కాస్త వంకర. కౌంటర్లో అబ్బాయి అదేం భాష అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపు అదే చెప్పింది.

ముందు డిఫ్ మిగిలిపోయింది. దానికి 10 మిల్లీమీటర్ల హెక్స్ సాకెట్ కావాలి, మా దగ్గరున్నది అరిగి గుండ్రమైపోయింది. కొత్తది బుధవారం వచ్చింది. ఈలోపు నాన్న రోజూ వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెడుతున్నాడు, నాకు కాదు, మనవరాలికి: "తల్లీ, ముందుది అయిందా? పై బిరడా మర్చిపోకు. మీ నాన్నని ముట్టుకోనీయమాక."