నీతి సూర్యుడు, డిసెంబర్ 25

"అయితే నా నామమందు భయభక్తులు గలవారగు మీకు నీతి సూర్యుడు ఉదయించును" అని మలాకీ 4:2 చెబుతుంది. క్రిస్మస్ మూలాల గురించి వాదన వచ్చినప్పుడల్లా నాకు ఈ వచనమే గుర్తుకొస్తుంది.

క్రీస్తు ఏ తేదీన జన్మించాడో సువార్తలు చెప్పవు. డిసెంబర్ 25ను ఆయన జన్మదినంగా పేర్కొన్న తొలి ఆధారం 354వ సంవత్సరపు రోమా పంచాంగంలో ఉంది. అదే గ్రంథంలో మరోచోట అదే తేదీకి ఎదురుగా "అజేయుని జన్మదినం", 30 రథపు పందేలు అని రాసి ఉంది. ఆ అజేయుడు సూర్యదేవుడేనని ఎక్కువమంది పండితులు భావిస్తారు. ఔరేలియన్ చక్రవర్తి 274లో రోములో ఆ దేవునికి ఆలయాన్ని ప్రతిష్ఠించాడు.

దీన్ని చూపించి క్రిస్మస్ అన్యుల పండుగేనని తేల్చేసేవారు మన తెలుగు సంఘాల్లోనూ ఉన్నారు. వారి జాగ్రత్తను నేను తేలికగా చూడను. కానీ రెండు పండుగలు ఒకే తేదీన ఉన్నంతమాత్రాన ఒకటి మరొకదాని నుంచి పుట్టిందని రుజువు కాదు. క్రీస్తు మార్చి 25న గర్భాన పడ్డాడని, అదే తేదీన సిలువ మరణం పొందాడని నమ్మి, అక్కడి నుంచి తొమ్మిది నెలలు లెక్కించిన పద్ధతిని ఉత్తర ఆఫ్రికా బిషప్ అగస్టీను నమోదు చేశాడు. క్రిస్మస్ చెట్టు అన్యాచారమని, యిర్మీయా దాన్నే ఖండించాడని చేసే ఆరోపణ ఇంకా బలహీనమైనది: నేటి ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఇళ్లలో అలంకరించిన చెట్ల వర్ణన 1605 నాటిది, యిర్మీయా 10వ అధ్యాయం ఖండించేది చెక్కతో మలచిన విగ్రహాన్ని.

అసలైన ప్రమాదాన్ని గుర్తించినవాడు ఐదో శతాబ్దపు రోమా బిషప్ లియో. రోములో అప్పటి పేతురు దేవాలయపు ముఖద్వారం తూర్పున ఉండేది కాబట్టి మెట్లెక్కే భక్తుల వీపు సూర్యోదయానికే ఉండేది. కొందరు పై అంచుకు చేరాక, లోపలికి అడుగు పెట్టకముందే వెనక్కి తిరిగి, ఉదయిస్తున్న సూర్యునికి తల వంచేవారు. తాము సూర్యుని సృష్టించినవానికే మొక్కుతున్నామని వారిలో కొందరు అనుకుంటూ ఉండవచ్చని లియో ఒప్పుకున్నాడు. అయినా, పాత దేవతలను విడిచి కొత్తగా వచ్చినవాడు అది చూస్తే తన పూర్వపు నమ్మకంలో తప్పేమీ లేదనుకుంటాడు గనుక మానుకోమన్నాడు.

విశేషమేమిటంటే, అదే దేవాలయం కింద ఉన్న ఒక సమాధి గది పైకప్పులో, ద్రాక్షతీగల నడుమ, తల చుట్టూ కిరణాలతో రథమెక్కిన మూర్తి మొజాయిక్‌లో (చిన్న రంగు ముక్కలు పొదిగిన చిత్రంలో) కనిపిస్తుంది; అది క్రీస్తేనని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. అంటే సూర్యుని పోలికను క్రైస్తవులు లియో కంటే ముందే ప్రభువుకు అర్పించారు. పోలిక ప్రభువును చూపినంతవరకు మలాకీ మాటే అక్కడ వినబడుతుంది; ఆ మెట్ల మీద మాత్రం భక్తుడు ప్రభువుకే వీపు తిప్పి పోలికకు మొక్కాడు.

లియో ఆ పండుగను రద్దు చేయలేదు, తేదీనీ మార్చలేదు. క్రీస్తు జననం గురించి ఆయన చేసిన ప్రసంగాలు 10 నేటికీ మిగిలి ఉన్నాయి. ఈ మందలింపు వాటిలో ఒకదానిలోనిదే.