తలుపు తీసే ఉంది

రెండు నెలల కిందట, ఒకటో తారీఖున, ఒక రూళ్ల పుస్తకం తీసి ప్రతి పేజీలోనూ మూడు గళ్లు గీశాను. డబ్బు కోసం రాసినవి మొదటి గడిలో, నా కోసం రాసుకున్నవి రెండో గడిలో, కొట్టేసినవి మూడో గడిలో. ఎన్ని మాటలో అంకె వేస్తే చాలు. ఫ్రీలాన్స్ రచయితకు హాజరు వేసేవాళ్లెవరూ ఉండరు, ఆ పని కూడా మనమే చూసుకోవాలి. తొమ్మిదేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. అనువాదాలు, యంత్రాల మాన్యువళ్లు, వీడియోలకు చదివే వ్యాఖ్యానాలు, ఎవరో తమవిగా చెప్పుకునే ప్రసంగాలు, అన్నీ గడువుకు ఇచ్చాను. నా సొంత కథ ఒకటి మాత్రం నాలుగేళ్లుగా మొదటి పేజీ దాటలేదు. ఆ నెలలో దాన్ని ఎలాగైనా ముగించాలనుకున్నాను.

మొదటి తప్పు లెక్కలోనే చేశాను. నెలరోజుల్లో నవల రాసే పద్ధతి ఒకటుంది. 1999లో అమెరికాలో 21 మంది కలిసి సరదాగా మొదలుపెట్టింది, తర్వాత చాలా దేశాలకు పాకింది. 30 రోజుల్లో 50,000 మాటలు, అంటే రోజుకు సుమారు 1,667. నాది కథే కదా, అందులో సగం చాలులే అనుకున్నాను. మూడో రోజుకే చేతులెత్తేశాను. ఆ అంకె ఇంగ్లీషు వాళ్లు కట్టుకున్నదని అప్పుడు తట్టింది. వాళ్లకు నాలుగు మాటలు పట్టే సంగతిని మనం ‘రాలేకపోయాడు’ అని ఒక్క మాటలో తేల్చేస్తాం. వాళ్ల కొలతతో కొలుచుకుని మూడు రోజులు ఊరికే దిగులు పడ్డానన్న మాట. నాలుగో రోజు నుంచి రోజుకు 300 అని రాసుకున్నాను.

తర్వాత వారం రోజులు బ్రహ్మాండంగా సాగింది, పుస్తకంలోని అంకెలను బట్టి చూస్తే. పగలంతా డబ్బుల పని, రాత్రి భోజనాలయ్యాక కథ. రెండో గడి నిండుతూనే ఉంది. పదకొండో రోజు రాత్రి అప్పటిదాకా రాసింది పైకి చదివాను.

‘తలుపు తెరవబడి ఉండటాన్ని ఆమె గమనించింది. లోపలి నుండి ఒక విధమైన నిశ్శబ్దం ఆమెను ఆహ్వానించింది.’

ఎవరు రాశారిది? చేతిరాత మాత్రం నాదే. ఆ వారమంతా పగటిపూట నేను బట్టలుతికే యంత్రం మాన్యువల్ అనువదిస్తున్నాను. మూత మూయబడి ఉండాలి, గొట్టం బిగించబడి ఉండాలి, ఇదే వరస. మాన్యువల్‌లోనైనా అలా రాయకూడదని నాకు తెలుసు, కానీ మూలం పక్కన పెట్టుకుని ఎనిమిది గంటలు కూర్చుంటే చెవి లొంగిపోతుంది. లొంగిన చెవితోనే రాత్రి కథకు కూర్చుంటున్నాను. ఇన్నాళ్లూ తీరిక దొరక్క కథ ఆగిపోయిందని అందరికీ చెప్పుకున్నాను. తీరిక దొరికిన రాత్రులు లేకపోలేదు. దొరికిన రాత్రి కూర్చున్నది మాన్యువల్ రాసే మనిషి.

ఆ వాక్యంతోనే గంటన్నర కుస్తీ పట్టాను. ‘బడి’ తీసేశాను. ‘ఆమె గమనించింది’ అనవసరం, చూసింది కాబట్టే చెబుతున్నాం. నిశ్శబ్దం ఆహ్వానించడం సిగ్గుచేటు, అదీ పోయింది. చివరికి ‘తలుపు తీసి ఉంది’ అని మిగిలింది. తప్పేమీ లేదు. అయితే ఎవరి తలుపైనా కావచ్చు. పడుకోబోతూ ‘తీసి’లోని గుడి చెరిపి ఏత్వం పెట్టాను. ‘తలుపు తీసే ఉంది.’ అంతే. వేయాల్సిన మనిషి వేయలేదని, ఎప్పటి నుంచో అలాగే ఉందని, చూసినామె గుండె ఒక్కసారి జారిందని ఆ ఏత్వంలో వచ్చేసింది. ఆ రోజు రెండో గడిలో వేసిన అంకె 3.

మర్నాటి నుంచి వరస తిప్పేశాను. తెల్లవారగానే కథ, ఆ తర్వాతే అనువాదం. వారం తిరక్కుండా అనువాదాలు చూసే ఎడిటర్ గారి నుంచి ఫోను.

“మేడమ్, ఒకచోట ‘మోటారు కాసేపు మూలిగి సర్దుకుంటుంది’ అని రాశారండీ. కొన్నవాళ్లు భయపడతారేమో!”

మార్చేస్తానన్నాను, మార్చాను కూడా. ఆ మోటారు నిజంగా మూలుగుతుంది, అది వేరే సంగతి. అప్పటి నుంచి రెండు పనులకూ మధ్య ఒక గంట ఏమీ చదవకుండా, ఫోను ముట్టుకోకుండా గడుపుతున్నాను. బట్టలు మడతపెట్టడం ఇందుకు బాగా పనికొస్తుంది.

పంతొమ్మిదో రోజున మూడో గడిలో 2,140 వేశాను. కథను అప్పటిదాకా అన్న చెబుతున్నాడు. పైకి చదువుతుంటే ప్రతి రెండో వాక్యం చివర ‘అట’ తగులుతోంది. వచ్చిందట, అడిగిందట, ఏడ్చిందట. అన్న ఆ రోజు ఇంట్లో లేడు, అతనికి తెలిసిందంతా చెప్పుడు మాటే. తలుపు దగ్గర నిలబడింది చెల్లెలు. చెప్పాల్సిందీ ఆవిడే. ఇది తెలియడానికి నాకు నాలుగేళ్లు పట్టింది. మొత్తం కొట్టేసి చెల్లెలి నోటితో మొదలుపెడితే పాతవాటిలో ఒక్క వాక్యమే చెక్కుచెదరకుండా ఇవతలికి వచ్చింది. అందులో ‘ఆమె’ లేదు, ‘నేను’ లేదు, ఎవరు చెప్పినా సరిపోతుంది.

ఇరవయ్యో రోజు నుంచి ఇరవై నాలుగు వరకు కథ గడి ఖాళీ. ఒక సంస్థ పాత బిల్లు ఇవ్వకుండా నాన్చుతుంటే నాలుగు ఉత్తరాలు రాశాను. వాటిని ఏ గడిలో వేయాలో తెలియక డబ్బు గడిలోనే వేశాను. ఆ నెలలో నేను రాసిన పదునైన వచనం అదేనేమో. డబ్బు సగం వచ్చింది.

నెలాఖరుకు మొదటి గడి మొత్తం 31,400, రెండోది 8,900, మూడోది 5,200. అంటే చేతిలో మిగిలిన కథ 3,700 మాటలు. ముగింపు ముప్పయ్యో రోజున రాలేదు, మరుసటి నెల నాలుగున వచ్చింది. వెంటనే ఒక పత్రికకు పంపాను. వాళ్లు వేసుకుంటామన్నారు.

నిన్న ప్రూఫ్ వచ్చింది. శుభ్రంగా ఉంది. ఒత్తులు ఊడిపోలేదు, పేరాలు కలిసిపోలేదు. ప్రూఫ్ చూసినవారు చాలా శ్రద్ధగా ఒకే ఒక్క దిద్దుబాటు చేశారు: ‘తలుపు తీసి ఉంది.’

ఎర్ర కలం తీసుకుని, ఆ గుడి మీద గీత కొట్టి, పక్కన కాస్త పెద్దగానే ఏత్వం పెట్టాను.