బరువు దొరికాకే బొమ్మ కుదిరింది

నా స్కెచ్‌బుక్‌లో మనుషులంతా గాల్లో తేలుతున్నట్టు ఉండేవాళ్లు. కళ్లు, ముక్కు, చీర కుచ్చిళ్లు బాగానే వచ్చేవి. కానీ నిలబడ్డ మనిషి కాళ్ల కింద నేల ఉన్నట్టే అనిపించేది కాదు. మనిషి బొమ్మని ఇంక్‌తో గీసి నీటి రంగులు వెయ్యాలని మొదలుపెట్టిన మూడు నెలలూ నాకు ఇదే బెంగ.

మాది రాజమండ్రి. ఆదివారాలు పొద్దున్నే గోదావరి గట్టుకి వెళ్లి, పుష్కర ఘాట్ మెట్ల మీద కూర్చుని జనాన్ని గీసేదాన్ని. అక్కడ మన కోసం ఎవరూ ఆగరు. తడి పంచె పిండుకునే పెద్దాయన, జుట్టు తుడుచుకుంటూ మెట్లెక్కే ఆవిడ, ఒక్కొక్కరికి అర నిమిషం, మహా అయితే నిమిషం. పెన్సిలూ రబ్బరూ కావాలనే ఇంట్లో వదిలేసి పెన్ను ఒక్కటే పట్టుకెళ్లేదాన్ని. చెరిపే వీల్లేదంటే గీసే ముందు ఇంకాసేపు చూస్తాం. మనిషి ఎత్తు తన తల పొడవుకి ఏడున్నర రెట్లు అని పుస్తకాల్లో ఉంటుంది. వంగి మెట్లెక్కే మనిషి దగ్గర ఆ లెక్క ఎందుకూ పనికిరాలేదు.

ఒకరోజు రేవులో ఎవరి కోసమో చూస్తూ ఒంటికాలి మీద బరువేసి నిలబడ్డ కుర్రాడు కనిపించాడు. బరువు మోసే కాలి వైపు తుంటి పైకి లేచింది, అదే వైపు భుజం కిందికి దిగింది. మెడ కింద గుంట నుంచి నిట్టనిలువుగా గీత దించితే సరిగ్గా ఆ పాదం దగ్గరికి వచ్చింది. ముఖం గీయలేదు, వేళ్లు గీయలేదు. తుంటి వాలు, భుజాల వాలు, ఆ నిలువు గీత, ఈ మూడే గీశాను. మొదటిసారి నా బొమ్మ నేల మీద నిలబడింది! ఆ పేజీ ఇప్పటికీ దాచుకున్నాను.

రంగుల దగ్గర మళ్లీ దెబ్బ తిన్నాను. ఫౌంటెన్ పెన్ ఇంక్‌తో గీసి పైన రంగు నీళ్లు పూస్తే గీతలన్నీ కరిగి బుగ్గలు నీలంగా మారిపోయాయి. అప్పట్నుంచి తడికి కరగని ఇండియన్ ఇంక్, ముంచి రాసే పాళీ వాడుతున్నాను. ఆ ఇంక్ ఫౌంటెన్ పెన్నులో పోస్తే గడ్డకట్టి పెన్ను పాడవుతుంది, జాగ్రత్త. గీత బాగా ఆరాకే తడి కుంచె పెట్టాలి. కాగితం కూడా మందపాటి 300 జీఎస్ఎమ్‌కి (చదరపు మీటరుకి 300 గ్రాములు తూగేది) మార్చాను, పల్చటిది తడికి ఉబ్బిపోయేది.

ఒంటి రంగు పేరుతో దొరికే గులాబీ ట్యూబ్ మన మనుషులకి నప్పదు. మా ఊళ్లో చిత్రకారుడు దామెర్ల రామారావు గ్యాలరీకి వెళ్లి, 28 ఏళ్లు నిండకుండానే 1925లో పోయిన ఆయన వేసిన బొమ్మల ముందు చాలాసేపు నిలబడ్డాను. ఒంటికి ఒకే రంగు ఉండదని అక్కడే బుర్రకెక్కింది. ఇప్పుడు నేను ముందు ఎల్లో ఓకర్ (మట్టి పసుపు) పల్చగా వేస్తాను. ఆరాక బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమ రంగు). నీడకి నలుపు జోలికి పోకుండా అందులోనే కాస్త అల్ట్రామెరైన్ (ముదురు నీలం) కలుపుతాను. వెలుగు పడే చోట కాగితం తెలుపే వదిలేస్తాను. ఒకసారి రంగు పడితే ఆ తెలుపు మళ్లీ రాదు.

పోయిన నెల పక్కింటి మామ్మగారు చిక్కుడుకాయలు ఈనెలు తీయడం అయ్యాక, ఎడమ అరచెయ్యి అరుగుకి ఆనించి కూర్చున్నారు. ఒంటి బరువంతా ఆ చేతి మీదే. భుజం చెవి దాకా లేచింది, మణికట్టు దగ్గర చర్మం ముడతలు పడింది, గాజులు కిందికి జారి అక్కడే ఆగాయి. "మామ్మగారూ, ఓ పావుగంట కదలకండి" అని బతిమాలాను. చెయ్యి గీసేటప్పుడు పాళీ కాస్త నొక్కాను, గీత లావైంది. అరచెయ్యి అరుగుని తాకే చోట నీడ తడిగా ఉండగానే ఇంకో చుక్క ముదురు రంగు వదిలాను. అది తనంతట తనే పాకి చేతికింద స్థిరపడింది.

ఆరాక చూపిస్తే మామ్మగారు ముఖం వైపు చూడనే లేదు. ఎడమ భుజం రుద్దుకుంటూ, "నొప్పి ఇక్కడేనే అమ్మాయ్, నీకెలా తెలిసింది?" అన్నారు.

రెండో బొమ్మకి కుడిచెయ్యి ఆనించి కూర్చోమని అడిగాను.