దాచుకున్న మన్నా

బైబిల్లోని నిర్గమకాండం 16వ అధ్యాయం మనలో చాలామందికి సండే స్కూల్ రోజుల నుంచి తెలిసిందే. ఎడారిలో ఇశ్రాయేలీయుల కోసం దేవుడు కురిపించిన ఆహారం మన్నా, పూరేళ్లు, 40 ఏళ్ల అరణ్యం. నేనూ ఎన్నోసార్లు చదివాను. కానీ డబ్బు టెన్షన్‌తో నిద్ర పట్టని కొన్ని రాత్రుల్లో మళ్లీ చదివితే రెండు వచనాలు నన్ను కదలనివ్వలేదు. 20వ వచనంలో, తెల్లవారేదాకా దాచుకున్న మన్నా పురుగు పట్టి కంపు కొట్టింది. 24వ వచనంలో, అలాగే తెల్లవారేదాకా ఉంచిన మన్నాకు పురుగూ పట్టలేదు, కంపూ రాలేదు. అదే మన్నా, అదే ఎడారి, అదే జనం.

మరి తేడా ఎక్కడ వచ్చింది?

ఇశ్రాయేలీయులు ఐగుప్తు (ఈజిప్టు) బానిసత్వం విడిచి అప్పటికి సరిగ్గా నెల. సముద్రం పాయలుగా చీలడం కళ్లారా చూసినవాళ్లు. అయినా తిండి దగ్గరికి వచ్చేసరికి, ఐగుప్తులో మాంసం కుండల దగ్గర కూర్చుని కడుపు నిండా తిన్నాం కదా, అక్కడే చచ్చిపోయినా బాగుండేది అని సణిగారు. కుండలు గుర్తున్నాయి గానీ వీపు మీద పడిన దెబ్బలు గుర్తు లేవు. భయం పట్టుకుంటే మనిషి జ్ఞాపకం అలాగే అయిపోతుంది, దేవుడు దాటించిన సముద్రాలు మసకబారిపోయి, చేజారినవి మాత్రం మెరుస్తూ కనిపిస్తాయి. నాకు ఇది బాగా తెలుసు, ఎందుకంటే అర్ధరాత్రి లేచి కట్టాల్సినవన్నీ వేళ్ల మీద లెక్క పెట్టుకునేటప్పుడు, గడిచిన ఏళ్లలో ప్రభువు దాటించిన ఒక్క గండం కూడా ఆ లెక్కలోకి వచ్చేది కాదు.

దేవుడు ఆ సణుగుడుకు ఆహారంతో జవాబిచ్చాడు. మనిషికి ఒక ఓమెరు చొప్పున, అంటే ఇప్పటి కొలతలో సుమారు 2 లీటర్లు. నేల మీద తెల్లగా, సన్నగా పడి ఉన్నదాన్ని చూసి "ఇదేమిటి" అనుకున్నారు, దాని పేరులోనే ఆ ప్రశ్న ఉండిపోయింది. ఒక్కటే షరతు, మర్నాటికి మిగల్చకూడదు. కొందరు మిగిల్చారు.

వాళ్లను దురాశపరులని తిట్టడానికి నాకు మనసు రాదు. దాచినవాళ్లలో పసిపిల్లలున్న తల్లులూ తండ్రులూ ఉండి ఉంటారు. ఈ రోజు దొరికింది సరే, రేపు పడకపోతే పిల్లలకు ఏం పెట్టాలి? అడిగి చూస్తే తప్పు లేని ప్రశ్నే అనిపిస్తుంది. కానీ ఆ కుండలో మన్నాతో పాటు వాళ్లు ఇంకో మాట కూడా దాచారు: "రేపు దేవుడు ఇస్తాడో లేదో." కుళ్లిపోయింది ఆ మాటే అని నాకు అనిపిస్తుంది.

ఇక ఆరో రోజు సంగతి. ఆ రోజు మనిషికి 2 ఓమెర్లు కూర్చుకోమని, రేపు విశ్రాంతి దినం గనుక మిగిలింది ఉంచుకోమని ఆయనే చెప్పాడు. దాచడమే పాపమైతే ఇలా ఎందుకు చెబుతాడు? తరతరాలు చూడాలని ఒక ఓమెరు మన్నాను పాత్రలో పోసి ఉంచమన్నది కూడా ఆయనే. అంతకు ముందెప్పుడో ఐగుప్తులో అధికారిగా ఉన్న యోసేపు, రాబోయే కరువు కోసం 7 సమృద్ధి సంవత్సరాల పంటలో అయిదో వంతు కొట్లలో పోయించాడు, అదీ దేవుడిచ్చిన జ్ఞానంతోనే. కాబట్టి పొదుపు చేస్తే అవిశ్వాసం అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మనం దాచినదాని మీద ఆయన మాట ఉందా, మన భయం ఉందా, అక్కడ చూసుకోవాలి.

ఇది మనసులో పెట్టుకుని మత్తయి సువార్త 6వ అధ్యాయానికి వెళ్లాను. 24వ వచనంలో, మీరు దేవునికిని సిరికిని దాసులుగా ఉండలేరు అన్న యేసు, వెంటనే "అందువలన" అంటూ చింతపడవద్దని మొదలుపెడతాడు. ఆ "అందువలన"ను ఇన్నాళ్లూ దాటేసి చదివాను. సిరికి దాసులంటే బాగా డబ్బున్నవాళ్లని అనుకునేదాన్ని. కానీ ఆయన తర్వాత మాట్లాడింది ఏం తినాలి, ఏం కట్టుకోవాలి అని బెంగపడేవాళ్లతో! ఆయన చుట్టూ ఉన్నవాళ్లలో చాలామంది రెక్కాడితే గానీ డొక్కాడనివాళ్లే. అంటే చేతిలో పైసా లేకపోయినా నేను సిరికి దాసినై ఉండొచ్చు, పొద్దున లేవగానే నా మనసు ముందు దాని దగ్గరికే పరుగెత్తుతుంటే.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. "ఆయన రాజ్యమును నీతిని మొదట వెదకుడి, అప్పుడవన్నియు మీకనుగ్రహింపబడును" అనే వచనాన్ని సంపదకు వాగ్దానంలా వాడటం నాకు బాధ కలిగిస్తుంది. "అవన్నియు" అంటే ఏవి? పై వచనాల్లో చెప్పిన తిండి, నీళ్లు, బట్ట. అంతకు మించి అక్కడ ఏమీ లేదు. ఇల్లూ కారూ అందులోకి మనం తెచ్చిపెట్టుకున్నవే. అలాగని చేతులు ముడుచుకుని కూర్చోమనీ లేదు. పక్షులను తండ్రి పోషిస్తాడు, కానీ అవి పొద్దుటి నుంచీ ఎగురుతూనే ఉంటాయి. మన్నా కూడా గుడారంలోకి వచ్చి పడలేదు, ఉదయమే వెళ్లి ఏరుకోవాలి, ఎండ ఎక్కితే కరిగిపోయేది. ఉద్యోగం వెతకాలి, అప్పు తీర్చాలి, లెక్క చూసుకోవాలి. ఇవన్నీ తండ్రి ఉన్న బిడ్డలా చేస్తున్నామా, దిక్కులేని అనాథలా చేస్తున్నామా అన్నదే ప్రశ్న.

ఇంకొకటి. యెరూషలేములో ఇబ్బందుల్లో ఉన్న పరిశుద్ధుల (అంటే అక్కడి విశ్వాసుల) కోసం చందా గురించి కొరింథీయులకు పత్రిక రాస్తూ అపొస్తలుడైన పౌలు ఈ మన్నా అధ్యాయాన్నే ఎత్తి చూపిస్తాడు, ఎక్కువ కూర్చుకున్నవాడికి మిగల్లేదు, తక్కువ కూర్చుకున్నవాడికి తక్కువ కాలేదు అని. మాసిదోనియ సంఘాలవాళ్లు కటిక పేదరికంలో ఉండి కూడా ఇచ్చారని పౌలు పత్రికలోని ఆ అధ్యాయంలోనే ఉంది. రేపటి గురించి భయపడే చెయ్యి బిగుసుకుపోతుంది, పక్కవాడి ఆకలి దానికి ఆనదు. ప్రభువు నేర్పిన ప్రార్థనలో "మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము" అని ఉంది, "నా" అని లేదు. నేను ఒక్కదాన్నే గదిలో కూర్చుని ప్రార్థించినా "మా" అనే అనాలి.

ఈ మధ్య రాత్రుళ్లు ఆ లెక్కలు మళ్లీ మొదలైతే, మొట్టమొదటి ఆరో రోజు సాయంత్రం ఆ గుడారాల్లో ఒక తల్లి ఎలా ఉండి ఉంటుందో ఊహించుకుంటాను. దాచిన మన్నా ఏమైందో ఆ వారంలోనే ఆమె చూసింది, ఆ కంపు ఇంకా ముక్కుకు తెలుస్తూనే ఉంది. ఇప్పుడేమో ఉంచుకోమంటున్నారు, రేపు బయట ఏమీ దొరకదంటున్నారు. ఇంట్లో ఉన్నదంతా ఆ కుండలోనే ఉంది. దాని మీద మూత పెట్టి, పిల్లల పక్కన పడుకుంది. తెల్లారాక వెళ్లి మూత తీసింది.

కంపు లేదు.