ఇంతకీ మీరంటున్నది ఏ శాస్త్రం?

మా పెద్దమ్మకి నా పీహెచ్‌డీ గురించి ఎప్పుడు చెప్పినా ఒకటే అడుగుతుంది, "దీనికి గవర్నమెంటు డబ్బులెందుకిస్తోందే?" అని. నెట్ అనే జాతీయ పరీక్ష రాసి, పరిశోధన చేసేవాళ్లకి ప్రభుత్వమిచ్చే జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ తెచ్చుకున్నాను. మొదటి రెండేళ్లు నెలకి 37,000, తర్వాత కమిటీ చూసి సరే అంటే 42,000, మొత్తం ఐదేళ్లు. ల్యాబ్ లేదు, కొత్త మందు కనిపెట్టేదీ లేదు. సైన్సుకీ మతానికీ మధ్య జనం ముందు జరిగిన వాదనల్ని వెతికి చదివి, ఎవరు ఏ మాటలతో వాదించారో రాయడమే నా పని. పెద్దమ్మ అడిగింది న్యాయమైన ప్రశ్నే, అందుకే వివరంగా రాస్తున్నాను.

నేను తీసుకున్న కేసు 2001 నాటిది. ఆ ఫిబ్రవరిలో, విశ్వవిద్యాలయాల్ని పర్యవేక్షించి నిధులిచ్చే కేంద్ర సంస్థ యూజీసీ, వాటిల్లో 'జ్యోతిర్ విజ్ఞాన్' పేరుతో జ్యోతిష విభాగాలు పెట్టుకోవచ్చని, వాటికి నిధులు ఇస్తామని చెప్పింది. దేశమంతటా శాస్త్రవేత్తలు అభ్యంతరం చెప్పారు. హైదరాబాద్‌లో సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థని స్థాపించిన శాస్త్రవేత్త పుష్ప మిత్ర భార్గవ ఇంకో ఇద్దరితో కలిసి ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకి వెళ్లారు. అక్కడ ఓడిపోయారు. సుప్రీంకోర్టుకి వెళ్తే 2004 మేలో అక్కడా ఓడిపోయారు.

పేపర్లలో నలిగిన ప్రశ్న "జ్యోతిషం సైన్సేనా?" అన్నది. కోర్టుకి వెళ్లేసరికి అది "కోర్సు పెట్టాలా వద్దా అని తేల్చాల్సింది ఎవరు?"గా మారిపోయింది. నిపుణుల సంస్థ తీసుకున్న నిర్ణయంలో కోర్టు కల్పించుకోవడం సరికాదని, పైగా ఇది తప్పనిసరి సబ్జెక్టు కూడా కాదని తీర్పు. చాలా తీర్పుల్లో కనిపించే మామూలు న్యాయసూత్రమే ఇది. కానీ 2011లో బొంబాయి హైకోర్టు జ్యోతిషానికి వ్యతిరేకంగా వేసిన ఒక పిటిషన్‌ని కొట్టేస్తూ ఈ తీర్పునే చూపించింది, మర్నాటి వార్తల్లో అది "జ్యోతిషం సైన్సే" అయిపోయింది. ఒక మాట ఒక చోటి నుంచి ఇంకో చోటికి వెళ్లేటప్పుడు ఎలా రూపం మార్చుకుంటుందో చూడాలంటే ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

తెలుగులో ఇంకో చిక్కుంది, నా థీసిస్‌లో సగం దాని మీదే. మనకి 'శాస్త్రం' అనే మాట ఒక్కటే. భౌతిక శాస్త్రమూ శాస్త్రమే, వాస్తు శాస్త్రమూ శాస్త్రమే. "శాస్త్ర ప్రకారం చేయాలి" అంటే పెద్దలు చెప్పిన పద్ధతిలో చేయాలని. "శాస్త్రానికి ఇంత పసుపు రాశాం" అంటే ఊరికే పేరుకి చేశామని. శాస్త్రవేత్త వేరు, శాస్త్రిగారు వేరు. ఒకాయన వేదికెక్కి "జ్యోతిషం శాస్త్రం కాదు" అంటే, ఎదురుగా కూర్చున్న పెద్దాయన చెవికి అది "మీ తాత చదివింది చదువే కాదు" అన్నట్టు వినపడుతుంది. అనేవాళ్లు ప్రయోగంతో రుజువయ్యే జ్ఞానం గురించి అంటున్నారు, వినేవాళ్లు పరంపరగా నేర్చుకున్న విద్య గురించి వింటున్నారు. ఇద్దరూ ఒకే మాట వాడుతూ వేరు వేరు విషయాల మీద గంటల తరబడి కొట్లాడుకున్నారు. నాస్తికుల వైపు పత్రికలు చదువుతున్నప్పుడు కూడా నాకు చాలాసార్లు అనిపించింది, ఈ ఒక్క సంగతి ముందే విప్పి చెప్పి ఉంటే కనీసం గొడవ అసలు విషయం మీద జరిగేది కదా అని.

"మరి గ్రహణాలు పంచాంగంలో ముందే ఎలా చెప్తున్నారు?" అన్నది ఆ చర్చల్లో తప్పకుండా వచ్చే ప్రశ్న. దీనికి జవాబు సంప్రదాయంలోనే ఉంది. జ్యోతిషంలో గణితం వేరు, ఫలితం వేరు. గ్రహణం గణితం, మీ అమ్మాయి పెళ్లి ఎప్పుడన్నది ఫలితం. మొదటిది లెక్క, ఆకాశంలో చూసి సరిచూసుకోవచ్చు. రెండోదాన్నీ పరీక్షించొచ్చు, 2008లో ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్ బృందం మహారాష్ట్రలో ఆ పనే చేసింది. చదువులో చురుకైన పిల్లలవి వంద, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలవి వంద జాతకాలు తీసుకుని, ఒక్కో జ్యోతిష్కుడికి 40 పంపి ఏవి ఎవరివో చెప్పమన్నారు. జవాబు పంపిన 27 మంది చెప్పినవాటిలో సగటున 46 శాతం సరిపోయాయి. బొమ్మా బొరుసూ వేసినా సగం సరిపోతాయి. ఈ పరీక్ష 2001లో, చర్చ వేడిగా ఉన్నప్పుడే జరిగి ఉంటే ఎంత బాగుండేది! కోర్టుకి వెళ్లడం తప్పని నేననను, భార్గవగారంటే నాకు గౌరవం. కానీ ఆ ప్రశ్న తేలాల్సిన చోటు కోర్టు కాదని నాకు గట్టిగా అనిపిస్తుంది.

మొన్న సంక్రాంతి సెలవుల్లో ఒక పెద్ద సిద్ధాంతిగారిని కలిశాను. ఆయన ఆ కోర్సులకి వ్యతిరేకమట! "గణితం రానివాడికి డిగ్రీ ఇస్తే వాడు బోర్డు పెట్టుకుని ఫలితాలు అమ్ముకుంటాడు తల్లీ" అన్నారు. సైన్సు ఒక పక్క, మతం ఒక పక్క అని గీసుకున్న నా పట్టికలో ఆయన్ని ఏ గడిలో వేయాలో తెలియక, చివరికి ఆ పట్టికనే తీసేశాను. మా గైడ్ కూడా తీసెయ్యమన్నారు.

ఇక పెద్దమ్మ అడిగిన డబ్బుల సంగతి. ఇలాంటి వాదనల్ని అప్పుడే రాసి దాచకపోతే ఏమవుతుందో చూడండి. 1860 జూన్ 30న ఆక్స్‌ఫర్డ్‌లో పరిణామవాదం మీద, దాన్ని సమర్థించిన శాస్త్రవేత్త హక్స్‌లీకీ, వ్యతిరేకించిన బిషప్ విల్బర్‌ఫోర్స్‌కీ జరిగిన వాదన ప్రపంచమంతా తెలుసు, కానీ ఆ రోజు అన్న మాటల్ని అక్షరం పొల్లుపోకుండా రాసుకున్నవాళ్లెవరూ లేరు. "కోతి మీ తాత వైపా, అమ్మమ్మ వైపా" అని బిషప్ హక్స్‌లీని అడిగాడన్న కథ దాదాపు నలభై ఏళ్ల తర్వాత ఒకరు గుర్తు చేసుకుని రాశాక బాగా పాకింది. మన 2001 చర్చకి అప్పుడే ఇరవై ఏళ్లు దాటాయి. జిల్లా ఎడిషన్లు, కరపత్రాలు, టౌన్‌హాల్ సభల క్యాసెట్లు ఇళ్లలో చెదలు పడుతున్నాయి. నా ఫెలోషిప్ డబ్బులు బస్సు టికెట్లకీ జిరాక్సులకీ వెళ్తున్నది వీటి కోసమే పెద్దమ్మా.

ఆ సిద్ధాంతిగారి దగ్గర ఒక ట్రంకు పెట్టె నిండా కటింగులున్నాయి, వచ్చే నెల వెళ్లి స్కాన్ చేసుకుంటున్నాను. మీ ఇంట్లో గానీ మీ ఊరి లైబ్రరీలో గానీ 2001 నుంచి 2004 దాకా ఈ గొడవ మీద వచ్చిన కాగితం ఏదైనా, ఏ పక్షానిదైనా, చిరిగినదైనా సరే, పాత పేపర్ల వాడికి వేసే ముందు నాకొక మాట చెప్పండి.