పాత కంప్యూటరు నుంచి కొత్తదానికి: పేర్లూ తేదీలూ చెదరకుండా

మా పాత డెస్క్‌టాప్‌లో ఉన్నది విండోస్ 7. దానికి మైక్రోసాఫ్ట్ భద్రతా సవరణలు ఆపేసింది 2020 జనవరి 14న, సరిగ్గా భోగి నాడు. ఆ తెల్లవారుజామునే మంటలో వేయాల్సిందని తమ్ముడు ఇప్పటికీ అంటాడు. వేయకపోవడానికి కారణం అందులో ఉన్న దాదాపు 600 జీబీ ఇంటి సరుకు: కెమెరా ఫోటోలు, ఫోన్ల ఫోటోలు, ఆల్బమ్‌ల స్కాన్లు, పెళ్ళి వీడియో సీడీలు, కేసెట్ల నుంచి ఎక్కించిన అమ్మమ్మ పాటలు. ఇదంతా లినక్స్ మింట్ (విండోస్‌కు బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) నడిచే ఒక చిన్న కంప్యూటరు పెట్టెలోకి చేరాలి. ఎంతవరకు వచ్చిందో ఇక్కడ రాస్తున్నాను.

డిస్కు పరిస్థితి

ఏదీ కదపకముందు పాత డిస్కు స్మార్ట్ వివరాలు, అంటే తన ఆరోగ్యం గురించి డిస్కే రాసుకునే లెక్కలు, చూశాను. చదవడానికి మొరాయిస్తున్న సెక్టార్లు కొన్ని ఉన్నాయి. ఇలాంటప్పుడు డీఫ్రాగ్ చేయడం, డిస్కు మరమ్మతు పెట్టడం వంటివి అనవసరపు శ్రమ పెడతాయి కాబట్టి వాటి జోలికి పోలేదు. కాపీ చేసే వరుస ఒక్కటే మార్చాను. మళ్ళీ దొరకనివి ముందు: పాటలు, స్కాన్లు, పెళ్ళి వీడియోలు. తర్వాత ఫోన్ ఫోటోలు. సినిమాలను అసలు తేవడం లేదు. అవి ఎక్కడైనా దొరుకుతాయి.

తీగ

రెండు కంప్యూటర్లనూ రూటరుతో పని లేకుండా ఒకే ఈథర్‌నెట్ తీగతో కలిపాను. గిగాబిట్ పోర్టులకు లోపల జతలు తారుమారు చేసిన క్రాస్‌ఓవర్ తీగ అక్కర్లేదు, ఏ జత ఎటు పోవాలో అవే చూసుకుంటాయి. ఒకదానికి 192.168.50.1, రెండోదానికి 192.168.50.2 అని చిరునామాలు ఇచ్చాను.

వేగం సెకనుకు 11 ఎంబీ దాటలేదు. ఆ లెక్కన 600 జీబీకి 15 గంటలు. రెండు పోర్టులూ గిగాబిట్‌వే అయినా లింకు 100 మెగాబిట్లని చూపిస్తోంది. కనెక్టరును వెలుతురులో పెట్టి చూస్తే లోపల నాలుగే తీగలు కనిపించాయి. 100 మెగాబిట్లకు రెండు జతలు చాలు. గిగాబిట్‌కు నాలుగు జతలూ, అంటే ఎనిమిది తీగలూ కావాలి. పూర్తి క్యాట్ 5ఈ తీగ తెచ్చి పెట్టాక వేగం 70 ఎంబీ దగ్గర నిలిచింది. ఇక అడ్డు తీగ కాదు, పాత డిస్కే. మీ దగ్గర 11, 12 దగ్గర ఆగిపోతుంటే ముందు కనెక్టరులో తీగలు లెక్కపెట్టండి.

విండోస్ వైపు ఫోల్డరును షేర్ చేసేటప్పుడు చదవడానికి మాత్రమే అనుమతి ఇచ్చాను. కొత్త పెట్టెలో ఏ కమాండు ఎలా నడిచినా పాత సరుకు చెక్కుచెదరదు. నిద్రలోకి పోయే అమరిక తీసేశాను. రెండింటినీ యూపీఎస్ మీద పెట్టాను. కాపీకి వాడింది లినక్స్ కమాండు ఆర్‌సింక్. కరెంటు పోయినా, తీగ ఊడినా మళ్ళీ నడిపితే పరిమాణం, తేదీ సరిపోయినవాటిని వదిలి మిగతావే తెస్తుంది. ప్రతి ఫోల్డరుకూ ముందు డ్రై రన్ (ఏదీ కాపీ చేయని ఉత్తుత్తి పరుగు) చేసి జాబితా చూసుకున్నాను. థంబ్స్ డాట్ డీబీ (విండోస్ దాచుకునే చిన్న బొమ్మల ఫైలు) వంటి చెత్తను మినహాయింపుల్లో రాశాను.

పేర్లు

అసలు పని ఇక్కడ మొదలైంది. కేసెట్ పాటలకు పేర్లు పెట్టింది అక్క. సంగతంతా ఫైలు పేరులోనే చెప్పాలన్నది ఆమె పద్ధతి. ఒకటి చూడండి:

"అమ్మమ్మ పాడిన సంక్రాంతి గొబ్బి పాటలు అత్తయ్య వాళ్ళ ఇంట్లో పెద్దమ్మ గొంతు కలిపినది రెండో కేసెట్ మొదటి వైపు"

విండోస్‌కు ఇందులో ఇబ్బంది లేదు. విండోస్ వాడే డిస్కు అమరిక ఎన్‌టీఎఫ్ఎస్‌లో ఫైలు పేరు 255 సంకేతాల దాకా ఉండవచ్చు, ఇది ఎక్స్‌టెన్షన్‌తో కలిపి 109. లినక్స్‌లో సాధారణంగా వాడే డిస్కు అమరిక ఈఎక్స్‌టీ4లోనూ హద్దు 255 అనే ఉంటుంది, కానీ అక్కడ లెక్క బైట్లలో. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు పడతాయి. గుణింతపు గుర్తు, పొల్లు, సున్నా కూడా విడివిడి సంకేతాలే. "స్త్రీ" అని రాస్తే కంటికి ఒక్క అక్షరం, లోపల 6 సంకేతాలు, 18 బైట్లు. ఆ లెక్కన అక్క పెట్టిన పేరు 291 బైట్లు. కొత్త పెట్టె దాన్ని తీసుకోదు. ఇంగ్లీషులో పేర్లు పెట్టుకునేవారికి ఈ గోడ ఎప్పటికీ తగలదు కాబట్టి దీని గురించి హెచ్చరించేవారూ తక్కువ. తెలుగులో ఖాళీలతో సహా 80 సంకేతాల లోపు ఉంచుకుంటే ఈ హద్దు తగలదు.

పేర్లన్నీ ఒక జాబితాగా తీసి, పొడవు దాటినవాటిని వేరుచేశాను. కత్తిరించి పారేస్తే అక్క ఊరుకోదు, ఊరుకోకూడదు కూడా. పెద్దమ్మ గొంతు కలిపిందన్న సంగతి ఆ పేరులో తప్ప ఇంకెక్కడా లేదు. అందుకని వేవ్ ఫైళ్ళను, ధ్వని పోకుండా పరిమాణం తగ్గించే ఫ్లాక్‌లోకి మార్చాను. ఫ్లాక్ ట్యాగులు (ఫైలు లోపల రాసుకునే వివరాలు) యూటీఎఫ్-8లోనే ఉంటాయి, వివరణకు 255 బైట్ల హద్దు లేదు. అక్క వాక్యం మొత్తం అక్షరం పోకుండా వివరణలోకి వెళ్ళింది. ఫైలు పేరు "గొబ్బి పాటలు 2ఎ" అయింది. ధ్వనిలో నష్టం ఏమీ లేదు. సీడీ నాణ్యతలో గంట కేసెట్టు వేవ్‌గా 600 ఎంబీ పైచిలుకు ఉంటుంది, ఫ్లాక్‌లో బాగా తగ్గుతుంది. టేపు బుస ఎక్కువున్న చోట తగ్గుదల తక్కువ. ఇంకో లాభం: అసలు ధ్వని తాలూకు ఎండీ5 సంఖ్య (వేలిముద్ర లాంటిది) ఫ్లాక్ ఫైలులోనే దాగి ఉంటుంది. పాడైందో లేదో ఎప్పుడైనా పరీక్ష పెట్టి తెలుసుకోవచ్చు.

తేదీలు

మామూలుగా లాగి వదిలి కాపీ చేస్తే విండోస్‌లో సృష్టించిన తేదీ కాపీ చేసిన రోజుకు మారిపోతుంది. ఆర్‌సింక్‌లో సమయాలు నిలిపే ఆప్షన్ ఇస్తే చివరిసారి మార్చిన తేదీ అలాగే వస్తుంది. ఆ ఆప్షన్ మరిస్తే అన్ని ఫోటోలూ ఈ వారమే తీసినట్టు కనిపిస్తాయి. కెమెరా ఫోటోలకు లోపల ఎక్జిఫ్ తేదీ (కెమెరాయే ఫోటోలో రాసేది) ఉంటుంది గనుక బెంగ లేదు. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా వచ్చినవాటిలో అది ఉండదు, ఫైలు పేరులోని ఎనిమిది అంకెలే ఆధారం. అది పంపిన లేదా అందిన నాటి తేదీయే, తీసిన నాటిది కాకపోవచ్చు. అయినా ఏమీ లేనిదానికన్నా నయం. ఎక్జిఫ్‌టూల్‌తో ఆ అంకెల్ని ఫోటో లోపలికి రాయించాను.

చిక్కంతా చిన్నాన్న పెళ్ళి ఫోటోలతో. బ్యాటరీ తీసి పెట్టడంతో కెమెరా గడియారం మొదటికొచ్చి, పెళ్ళి మొత్తం ఏదో జనవరి 1న జరిగినట్టుంది. ఫోటోల మధ్య ఎడం సరిగ్గానే ఉంది కాబట్టి అసలు సమయం తెలిసిన ఫోటో ఒక్కటి దొరికితే మిగతావన్నీ అంతే జరపవచ్చు. శుభలేఖ వెతికాను. సుముహూర్తం నిమిషంతో సహా అచ్చయి ఉంది. జీలకర్ర బెల్లం పెట్టే ఫోటో కూడా ఉంది. రెండింటికీ తేడా కట్టి, ఎక్జిఫ్‌టూల్‌తో అన్నిటినీ ఒకేసారి జరిపాను. పంతులుగారు ఐదు పది నిమిషాలు అటూ ఇటూ చేసినా ఈ పనికి చాలు.

స్కాన్ల తేదీలు స్కాన్ చేసిన నాటివి. సంవత్సరం తెలిసినవాటికి జనవరి 1 అని పెట్టి, వివరణలో "సుమారు" అని రాస్తున్నాను.

వీడియోలు

వీడియో సీడీలను (వీసీడీలను) కాపీ చేసి పెట్టుకున్నవారు ఫోల్డర్లను జాగ్రత్తగా చూసుకోవాలి. ప్రతి సీడీలోనూ వీడియో ఫైలు పేరు AVSEQ01.DAT అనే ఉంటుంది. రెండు పెళ్ళిళ్ళను ఒకే ఫోల్డరులో పోస్తే ఒకటి రెండోదాన్ని తుడిచేస్తుంది. 352×288 బొమ్మే అయినా వీఎల్‌సీలో హాయిగా ఆడుతుంది, మళ్ళీ ఎన్‌కోడ్ చేసి ఉన్న నాణ్యత పోగొట్టుకోనక్కర్లేదు. డీవీడీలలో వీడియోటీఎస్ ఫోల్డరును విడదీయకుండా మొత్తంగా తెచ్చాను.

ఇప్పటి స్థితి

పాటలు, స్కాన్లు, వీడియోలు చేరాయి. ఆర్‌సింక్‌ను చెక్‌సమ్ ఆప్షన్‌తో మళ్ళీ నడిపితే రెండు వైపులా ప్రతి ఫైలునూ పూర్తిగా చదివి పోల్చింది. ఫోన్ ఫోటోల ఫోల్డరులో ఉన్న రెండు వీడియోల దగ్గర పాత డిస్కు మూలిగింది. వాటిని ఇప్పటికి వదిలేశాను. మిగతావన్నీ వచ్చాక డిస్కును విప్పి, పాడైన చోట్ల నుంచి డేటా లాగే డీడీరెస్క్యూ పెడతాను. రెండో ప్రతి బయటి డిస్కు మీదకు వెళ్తోంది. అది ఫ్యాట్32 అనే పాత డిస్కు అమరికతో వచ్చింది, అందులో 4 జీబీ ఫైలు పట్టదు గనుక ముందే ఈఎక్స్‌టీ4కు మార్చాను. ఆ ప్రతి కూడా సరిచూసేదాకా పాత కంప్యూటరు బల్ల మీదే ఉంటుంది.